హిమోగ్లోబిన్ 12 ఉంది, అయినా పచ్చి బియ్యం మీదికే మనసు పోతోంది

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. మాది కావలి దగ్గర పల్లె. నాకు 34 ఏళ్లు, ఇద్దరు పిల్లలు, ఆపరేషన్ అయింది. ఇంట్లోనే బ్లౌజులు కుడతాను. ఏడాది నుంచి ఒకటే నీరసం. మిషన్ మీద గంట కూర్చుంటే తల దిమ్మెక్కుతోంది. మిద్దె మీద బట్టలు ఆరేసి దిగేసరికి గుండె దడదడ. దువ్వెన నిండా జుట్టు వస్తోంది. కావలిలో చూపించుకుంటే సీబీపీ (రక్తకణాల పరీక్ష), థైరాయిడ్, షుగర్ రాశారు. హిమోగ్లోబిన్ 12.1 వచ్చింది. అన్నీ నార్మలే, టెన్షన్ తగ్గించుకోమన్నారు. మా ఆయనదీ అదే మాట. ల్యాబ్ అబ్బాయి మాత్రం ‘ఐరన్ టెస్టులు వేరే ఉంటాయి అక్కా’ అన్నాడు. రక్తం సరిపోను ఉన్నప్పుడు ఐరన్ టెస్టు ఎందుకు? డబ్బులు దండగే కదా? చేయించుకోవాలంటే ఏది చేయించుకోవాలి? మా పాపకి 14 ఏళ్లు, దానికి 11.4 ఉంది. మా అత్తకూ రక్తం తక్కువే, బిళ్ళలు వాడుతూ ఉంటుంది. ఇంకో సంగతి, రాయడానికి సిగ్గుగా ఉంది. బియ్యం ఏరుతూ ఏరుతూ గుప్పెళ్లకు గుప్పెళ్లు నమిలేస్తున్నాను. నా కొత్త రిపోర్టు, రెండేళ్ల కిందటి రిపోర్టు పంపుతున్నాను. పేరు వేయొద్దండీ.

సమాధానం: అమ్మా, సిగ్గుపడుతూ చివర్లో రాశారు చూడండి, ఆ బియ్యం సంగతి మొదటి వాక్యంలోనే రాయాల్సింది. పచ్చి బియ్యం, బలపాలు, సుద్దముక్కలు, ఫ్రిజ్‌లో ఐసు, వాన పడ్డప్పుడు తడి మట్టి వాసన... ఇలాంటివాటికి నోరూరడం ఒంట్లో ఇనుము తగ్గినవాళ్లలో తరచుగా కనబడేదే. డాక్టర్లు దీన్ని ‘పైకా’ అంటారు. బియ్యం తింటే రక్తం విరిగిపోతుందని పెద్దవాళ్లు కసురుతుంటారు గానీ చాలామందిలో జరిగేది తిరగేసి. ముందు ఇనుము తగ్గుతుంది, ఆ తర్వాత చెయ్యి చేటలోకి పోతుంది. కావలిలో మీకు టెస్టులు రాసిన డాక్టరు గారికి ఈ ఒక్క ముక్క చెప్పి ఉంటే ఆయన ఇంకో టెస్టు కలిపి రాసేవారేమో. ఆయన్ని నేను తప్పు పట్టను. బయట బెంచీ నిండా జనం ఉన్నప్పుడు పేషెంటు చెప్పని మాట డాక్టరుకి వినిపించదు.

నేను పాథాలజిస్టుని. మందులు రాసే పని కాదు నాది. రక్తం చుక్కని గాజు పలక మీద పరిచి చూసే పని. అందుకని మీ ప్రశ్నలో టెస్టుల భాగం మీదే ఎక్కువ మాట్లాడతాను.

రక్తం సరిపోను ఉన్నప్పుడు ఐరన్ టెస్టు ఎందుకు అన్నారు. నెల్లూరు జిల్లా వాళ్లకు వడ్ల లెక్కలో చెబితే చప్పున అర్థమవుతుంది. పంట ఇంటికొస్తే వడ్లు గాదెలో పోస్తాం. అవసరమైనప్పుడల్లా బస్తాకెత్తి బండి మీద మిల్లుకు తోలతాం. మిల్లులో ఆడిన బియ్యం అన్నమై కంచంలోకి వస్తాయి. ఒక ఏడు పంట దెబ్బతిందనుకోండి. ఆ రోజునుంచే కంచంలో అన్నం తగ్గుతుందా? తగ్గదు. గాదె అడుగంటేదాకా ఇల్లాలు ఎలాగో సర్దుకొస్తుంది. ముందు గాదె ఖాళీ అవుతుంది. తర్వాత బండ్లు సగం సరుకుతో తిరుగుతాయి. అన్నిటికంటే చివర కంచం వెలితి పడుతుంది. కంచంలో అన్నం ఉంది కదా అని గాదె నిండుగా ఉందనుకుంటే ఎంత పొరపాటో, హిమోగ్లోబిన్ 12 ఉంది కదా అని ఒంట్లో ఇనుము ఉందనుకోవడం అంత పొరపాటు.

ఒంట్లో గాదె పేరు ఫెరిటిన్. ఇనుమును పట్టి దాచుకునే ప్రొటీను అది. ఎక్కువగా కాలేయంలో, ఎముకల మూలుగలో, ప్లీహంలో ఉంటుంది. అందులో పిసరంత రక్తంలోకి వస్తూ ఉంటుంది. మనం కొలిచేది ఆ పిసరునే. బండి పేరు ట్రాన్స్‌ఫెరిన్. మిల్లు ఎముక మూలుగ. కంచంలో అన్నం హిమోగ్లోబిన్. మనిషి ఒంట్లో ఉండే ఇనుమంతా కలిపినా మూడు నాలుగు గ్రాములు, ఆడవాళ్లలో ఇంకా తక్కువే. ఓ చిన్న మేకు బరువు. అందులో మూడింట రెండు వంతులు హిమోగ్లోబిన్‌లోనే ఉంటుంది. తిండి నుంచి రోజుకు ఒంటికి పట్టేది ఒకటి రెండు మిల్లీగ్రాములు మాత్రమే. కాబట్టి గాదె ఖాళీ కావడానికి నెలలు పడుతుంది, నిండడానికీ నెలలే పడుతుంది.

ఇక మీ రిపోర్టులు. రెండూ పక్కపక్కన పెట్టుకుని చూశాను. పాతదాన్ని పారేయకుండా దాచినందుకు మిమ్మల్ని మెచ్చుకోవాలి. రెండేళ్ల కిందట మీ హిమోగ్లోబిన్ 13.4. ఇప్పుడు 12.1. గర్భంతో లేని ఆడవాళ్లకు 12 కంటే తగ్గితేనే రక్తహీనత అని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. గీతకు ఇవతలే ఉన్నారు కాబట్టి కాగితం మీద మీరు నార్మల్. కానీ మీ ఒంటి నార్మల్ 13.4. దానిమీద గ్రాముకు పైగానే పోయింది. ఆ గీతకు మీ సంగతి ఏం తెలుసు?

హిమోగ్లోబిన్ వరస దాటి ఇంకాస్త కిందికి రండి. ఎంసీవీ అని ఉంటుంది, అంటే ఎర్రకణం సగటు సైజు. పాత రిపోర్టులో 87, ఇప్పుడు 79. మామూలుగా 80కి పైన ఉండాలి. ఎంసీహెచ్, అంటే ఒక్కో కణంలో పట్టిన రంగు, 26.3 ఉంది. అది 27 దాటాలి. ఆర్‌డీడబ్ల్యూ పాతదాంట్లో 13.2, ఇప్పుడు 16.1. కణాల సైజుల్లో తేడాలు ఎంత ఉన్నాయో చెప్పే అంకె ఇది. ఎర్రకణం ఆయుష్షు సుమారు 120 రోజులు. ఇనుము అందని మిల్లు ఈ మధ్య తయారు చేసిన చిన్న కణాలు, అంతకుముందు తయారైన మంచి కణాలు ఒకే గొట్టంలో కలిసి ఉన్నాయి. అందుకే సైజులు ఎగుడుదిగుడు, అందుకే ఆ అంకె పెరిగింది. చాలామందిలో ఎంసీవీ పడిపోకముందే ఆర్‌డీడబ్ల్యూ లేస్తుంది. మీ కాగితం మీద ఆ 16.1 పక్కన మెషీన్ ‘హెచ్’ అని, అంటే ఎక్కువ ఉందని, అచ్చు కూడా వేసింది. హిమోగ్లోబిన్ పక్కన మాత్రం ఏ అక్షరమూ లేదు. అందరి కళ్లూ అక్కడే ఆగిపోయాయి.

ఒక మాట అనకుండా ఉండలేను. మీ కొత్త రిపోర్టు అడుగున ఎర్రకణాలు నార్మోసైటిక్, నార్మోక్రోమిక్ అని రాసి ఉంది. అంటే సైజు బాగుంది, రంగు బాగుంది అని. పైన ఎంసీవీ 79, కింద ఈ వాక్యం! ఇది స్లైడు చూసి రాసింది కాదని నా అనుమానం. కంప్యూటర్లో ముందే టైపు చేసి పెట్టుకున్న వాక్యం చాలా ల్యాబుల్లో ప్రతి కాగితం కిందా అలా వచ్చి కూర్చుంటుంది. అదే స్లైడు నా దగ్గరికి వస్తే ఏం చూసేదాన్నో చెబుతాను. మంచి ఎర్రకణం నడుమ కాస్త లేతగా, చుట్టూ ఎర్రగా ఉంటుంది. ఆ లేత భాగం వెడల్పులో మూడో వంతు మించదు. ఇనుము తగ్గేకొద్దీ నడుమ తెల్లబడుతూ పోయి చివరికి అంచు మాత్రమే మిగులుతుంది, ఎవరో ఎర్ర గాజులు పలక మీద పోసినట్టు. వాటి మధ్యలో పెన్సిల్ ముక్కల్లా సన్నగా పొడుగ్గా సాగినవి కొన్ని కనిపిస్తాయి. మీది ఇంకా గాజుల దాకా వచ్చి ఉండదు. మొదట్లోనే ఉన్నారు.

నేను ఈ పనిలో చేరిన కొత్తలో హిమోగ్లోబిన్ని సాలీ పద్ధతిలో చూసేవాళ్లం. సన్న గొట్టంలో పలచని యాసిడ్ పోసి, వేలి రక్తం 20 మైక్రోలీటర్లు ఊది, పది నిమిషాలు ఆగి, చుక్క చుక్క నీళ్లు కలుపుతూ పక్కనున్న గోధుమరంగు గాజుతో పోల్చి చూడాలి. రెండు రంగులూ కలిసినచోట అంకె చదవాలి. కిటికీ వెలుగులో చదివితే ఒక అంకె, సాయంత్రం ట్యూబులైటు కింద చదివితే ఇంకో అంకె. అలా ఒకావిడకి ఓ గ్రాము ఎక్కువ చదివి పంపించేశాను. మూడు నెలల తర్వాత ఆమె ఆయాసంతో వచ్చింది. అప్పటినుంచి ఒక్క అంకెను నమ్మడం మానేశాను. ఇప్పటి మెషీన్లు చాలా నయం. కానీ క్యాంపుల్లో వేలు గుచ్చి చూసేటప్పుడు రక్తం రాలేదని వేలిని పిండితే నీరు కలిసి అంకె తేడా వస్తుంది. మీది చేతి నరం నుంచి తీసిందే కాబట్టి ఆ బెంగ లేదు.

ఇంకో అనుమానం కూడా తీర్చేస్తాను. కణాలు చిన్నవి కావడానికి ఇనుము తక్కువ కావడం ఒక్కటే కారణం కాదు. హిమోగ్లోబిన్ తయారీలో వంశపారంపర్యంగా వచ్చే లోపం తలసేమియా. అది కొద్దిగా పుట్టుకతో ఉన్నవాళ్లలోనూ ఎంసీవీ తక్కువే. కాకపోతే వాళ్లలో కణాల లెక్క ఎక్కువ ఉంటుంది. ఎంసీవీని ఎర్రకణాల కౌంటుతో భాగిస్తే ఒక అందాజా దొరుకుతుంది. మీది 79ని 4.6తో భాగిస్తే 17 వచ్చింది. 13 దాటితే ఇనుము లోపం వైపు మొగ్గు. అదీగాక రెండేళ్ల కిందట మీ ఎంసీవీ 87. పుట్టుకతో వచ్చింది మధ్యలో పుట్టదు కదా.

కాబట్టి డబ్బులు దండగ కాదు. అయితే ల్యాబ్ అబ్బాయి చెప్పిన ఐరన్ ప్రొఫైల్ మొత్తం అక్కర్లేదు. ఫుల్ బాడీ ప్యాకేజీలు అసలే అక్కర్లేదు. డెబ్బై టెస్టులంటూ గొప్ప చెప్పుకునే వాటిలో ఫెరిటిన్ ఉందో లేదో ఒకసారి వెతికి చూడండి. మీకు కావాల్సింది ఫెరిటిన్. దాంతోపాటు అదే రక్తంలో సీఆర్‌పీ, అంటే ఒంట్లో వాపు, ఇన్ఫెక్షన్ ఉన్నాయేమో చెప్పే టెస్టు. కావలిలో రక్తం తీసుకుని నెల్లూరుకో చెన్నైకో పంపే ల్యాబులు ఉంటాయి, దీనికోసం పనిగట్టుకుని నెల్లూరులో ఆస్పత్రులుండే పొగతోటకు రానక్కర్లేదు. ఒకటి రెండు రోజులు ఆలస్యమైనా ఫెరిటిన్‌కి నష్టం లేదు.

సీఆర్‌పీ ఎందుకంటే, ఫెరిటిన్‌కి ఒక చెడ్డ గుణం ఉంది. ఒంట్లో జ్వరం గానీ, ఇన్ఫెక్షన్ గానీ, వాపు గానీ ఉంటే గాదెలో వడ్లు లేకపోయినా అది పెరిగిపోతుంది. డెంగీలో అయితే వందలు, వేలల్లోకి పోతుంది. కాలేయంలో కొవ్వు ఉన్నా పెరుగుతుంది. కార్తీకం వానలకు ఇంట్లో ఒకరి తర్వాత ఒకరు జ్వరాన పడుతుంటారు కదా, అలాంటిది తగ్గాక రెండు మూడు వారాలైనా ఆగి వెళ్లండి. సీఆర్‌పీ ఎక్కువుంటే ఫెరిటిన్ అంకెను నమ్మలేమని తెలిసిపోతుంది.

ఫెరిటిన్‌కి పరగడుపున వెళ్లాల్సిన పని లేదు. రక్తంలో తిరుగుతున్న ఇనుమును కొలిచే సీరం ఐరన్‌కి మాత్రం పొద్దున్నే పరగడుపున వెళ్లాలి. అది పూటపూటకీ మారే అంకె. ముందురోజు రాత్రి ఒక ఐరన్ బిళ్ళ మింగినా ఎగిరి కూర్చుంటుంది. సీరం ఐరన్ ఒక్కటే చేయించుకుని ‘నాకు ఐరన్ బాగానే ఉంది’ అనుకునేవాళ్లని చాలామందిని చూశాను. రోడ్డు మీద ఆ క్షణాన ఎన్ని బస్తాలు కనబడ్డాయో లెక్కపెట్టడం లాంటిది అది. దానితోపాటు టీఐబీసీ, అంటే బండ్లన్నీ కలిపి ఎంత సరుకు మోయగలవో చెప్పే టెస్టు కూడా చేసి, బండ్లలో ఎన్నో వంతు సరుకు ఉందో లెక్క తీస్తేనే పనికొస్తుంది. ఆ లెక్కని ట్రాన్స్‌ఫెరిన్ సాచురేషన్ అంటారు. 16 శాతం కంటే తగ్గితే మిల్లుకు సరుకు చాలడం లేదని. ఫెరిటిన్ ఎటూ తేలకుండా నడుమ ఉన్నప్పుడో, సీఆర్‌పీ ఎక్కువున్నప్పుడో ఈ రెండో విడత చేయించుకోవచ్చు. ముందే వద్దు.

వెళ్లేముందు ఒకటి గుర్తు చేసుకోండి. జుట్టు ఊడుతోందని ఏమైనా బిళ్ళలు వాడుతున్నారా? వాటిలో బయోటిన్ అనే విటమిన్ పెద్ద మోతాదులో ఉంటే కొన్ని మెషీన్లు ఫెరిటిన్ని ఉన్నదానికంటే తక్కువ చూపిస్తాయి. థైరాయిడ్ టెస్టునూ తికమక పెడతాయి. రెండు మూడు రోజుల ముందునుంచి ఆపేసి, వాడిన సంగతి ల్యాబులో చెప్పండి. ఇంకా ముఖ్యం, టెస్టు కాకముందే మెడికల్ షాపులో రక్తం పట్టే టానిక్కు కొనుక్కుని మొదలుపెట్టకండి. నీరసంగా ఉందని సెలైన్ పెట్టించుకోవడం కూడా వద్దు. సెలైన్ అంటే ఉప్పునీళ్లే, అందులో ఇనుము ఉండదు.

రిపోర్టు వచ్చాక ఎలా చదవాలో చెబుతాను, ఎందుకంటే ఇక్కడే మళ్లీ ‘నార్మల్’ అనే మాట అడ్డం పడుతుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లలో ఫెరిటిన్ 15 కంటే తగ్గితే గాదె ఖాళీ అయినట్టేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. ఒకప్పుడు ఈ సంగతి తేల్చాలంటే ఎముకలో సూది దింపి మూలుగ తీసి, దానికి రంగు వేసి మైక్రోస్కోపులో నీలం చుక్కల కోసం వెతికేవాళ్లం. ఇనుము ఉంటే నీలంగా కనిపిస్తుంది. 15 కంటే తక్కువున్నవాళ్ల మూలుగలో ఆ నీలం దాదాపు కనబడదు. అయితే మీలాగా నీరసం, దడ, బియ్యం మీద యావ ఉన్నవాళ్లలో 30 కంటే తక్కువున్నా ఇనుము లోపంగానే లెక్క వేసి మందు ఇచ్చే డాక్టర్లు చాలామంది. నాదీ అదే పక్షం. ల్యాబుల కాగితం మీద మాత్రం ఆడవాళ్లకు 10 నుంచి 150 దాకా నార్మల్ అని అచ్చు వేసి ఉండొచ్చు. ఆ అంకెలు ఎక్కడో మామూలుగా తిరుగుతున్నవాళ్ల రక్తం తీసి కట్టిన లెక్క. ఆ తిరిగేవాళ్లలో సగం మంది గాదెలు ఖాళీ అయితే ఆ నార్మల్‌కి విలువేముంది? మీకు 14 వచ్చి పక్కన ఏ గుర్తూ లేకపోయినా సరే, డాక్టరు గారి ముందు పెట్టి ఈ మాట అడగండి. సీఆర్‌పీ ఎక్కువున్నప్పుడు మాత్రం ఈ గీతలు పనికిరావు. అప్పుడు 70 లోపు ఉన్నా అనుమానించాల్సిందే.

ఒకవేళ ఫెరిటిన్ 60, 70 అలా వచ్చి సీఆర్‌పీ కూడా బాగుంటే? అప్పుడు నా మాట తప్పైనట్టు. బీ12 చూడాలి, తలసేమియా కోసం హెచ్‌బీ ఏ2 చూడాలి, నిద్ర ఎలా ఉందో అడగాలి. నిజంగా మీ ఆయన అన్న టెన్షనే కావచ్చు కూడా. కానీ ఆర్‌డీడబ్ల్యూ టెన్షన్‌తో పెరగదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. అది హిమోగ్లోబిన్ ఒక్కటే చూసి కట్టిన లెక్క. మీరు మిగిలిన 41 శాతంలో ఉన్నారు, బాగున్నవాళ్ల లెక్కలో!

గాదె ఖాళీ అయిందని తేలాక ఆగిపోకూడదు. ఎందుకు ఖాళీ అయిందో చూడాలి. పంట తక్కువైందా, లేక గాదె కింద పందికొక్కు చేరిందా? మీ ఉత్తరంలో నెలసరి గురించి ఒక్క మాటా లేదు. ఎన్ని రోజులు పడుతోంది? గంట రెండు గంటలకే ప్యాడు మార్చాల్సి వస్తోందా, గడ్డలు పడుతున్నాయా, రాత్రి పక్క మీద పాత చీర పరుచుకుని పడుకుంటున్నారా? నెలకు 80 మిల్లీలీటర్లు దాటితే ఎక్కువ పోతున్నట్టు. అంత రక్తంతో 30 మిల్లీగ్రాములకు పైగా ఇనుము వెళ్లిపోతుంది. రోజుకు ఒకటి రెండు మిల్లీగ్రాములు కూడబెట్టేవాళ్లకు అది పెద్ద మొత్తమే. ‘ఆపరేషన్ అయినాక అందరికీ అంతేగా’ అని సర్దుకుపోయేవాళ్లని చూస్తూనే ఉంటాను. అంతే ఏమీ కాదు. గైనిక్ డాక్టరుకి చూపించి, అవసరమైతే కడుపు స్కానింగ్ తీయించుకోండి. గర్భసంచిలో గడ్డలున్నాయేమో తెలుస్తుంది.

మందు విషయం మీ డాక్టరు గారు చూసుకుంటారు. ఒక్కటి మాత్రం అడగండి. బిళ్ళ రోజూనా, రోజు విడిచి రోజా అని. బిళ్ళ మింగినప్పుడు హెప్సిడిన్ అనే హార్మోను లేచి మర్నాడు ఇనుమును లోపలికి రానివ్వకుండా తలుపు వేస్తుందని, అందుకే మీలాంటి తొలిదశవాళ్లకు రోజు మార్చి రోజు వేసుకుంటే వేసినదాంట్లో ఎక్కువ వంతు ఒంటికి పడుతుందని ఈమధ్య పరిశోధనల్లో తేలింది. కడుపులో వికారమూ తక్కువ. మలం నల్లగా రావడం మామూలే, భయపడొద్దు. నిమ్మకాయ నీళ్లతో వేసుకోండి. టీతో మాత్రం వద్దు, భోంచేసిన వెంటనే టీ కూడా వద్దు. బ్లౌజులు కుట్టేవాళ్ల ఇళ్లల్లో టీ ఎన్నిసార్లు పొయ్యి ఎక్కుతుందో నాకు తెలుసు. తిండికీ టీకీ మధ్య గంట గంటన్నర ఎడం ఉంచితే చాలు.

ఇరుగుపొరుగు బీట్‌రూట్ రసం తాగమంటారు. దాని ఎరుపు రంగుకీ రక్తానికీ ఏ సంబంధమూ లేదు, అందులో ఇనుము తక్కువే. ఖర్జూరం కూడా పేరు గొప్పే. మాంసం, కార్జం, చేపల్లో ఉండే ఇనుము ఆకుకూరల్లోదానికంటే బాగా పడుతుంది. చేపల పులుసు మన ఇళ్లకు కొత్త కాదు. తోటకూర, మునగాకు వండితే పైన నిమ్మకాయ పిండుకోండి. ఇనప మూకుడు అటక మీద ఉంటే దించండి. అయితే గాదె ఒకసారి ఖాళీ అయ్యాక తిండి ఒక్కదానితో నింపాలంటే చాలా కాలం పడుతుంది. బిళ్ళ తప్పదు.

నెల తర్వాత సీబీపీ, మూడు నెలల తర్వాత ఫెరిటిన్ మళ్లీ చూపించండి. నీరసం తగ్గింది కదా అని నెలకే ఆపేస్తారు చాలామంది. కంచం నిండగానే గాదె నిండినట్టు కాదు. హిమోగ్లోబిన్ మీ పాత 13కి చేరాక కూడా ఇంకో రెండు మూడు నెలలు వాడాలి. బియ్యం మీద యావ మాత్రం ముందే పోతుంది. కొందరిలో వారం పది రోజుల్లోనే, హిమోగ్లోబిన్ కదలకముందే పోతుంది. నాకు ఇది ఇప్పటికీ వింతగానే ఉంటుంది.

పాప సంగతి. 12 నుంచి 14 ఏళ్ల పిల్లలకు కూడా గీత 12 దగ్గరే. కాబట్టి 11.4 అంటే కొద్దిపాటి రక్తహీనత ఉన్నట్టే. ఎదిగే వయసు, నెలసరి మొదలైన వయసు. రెండువైపులా ఖర్చు. బడిలో వారానికొకసారి ఇచ్చే నీలం బిళ్ళ మింగుతోందా, కిటికీలోంచి పారేస్తోందా నెమ్మదిగా అడగండి, తిట్టకుండా. అన్నం తిన్నాక వేసుకుంటే కడుపునొప్పి రాదు. కాకపోతే వారానికొకటి వేసే ఆ బిళ్ళ లోపం రాకుండా ఆపడానికి. ఉన్నదాన్ని పూడ్చాలంటే రోజువారీ మోతాదు కావాలి, అది పీహెచ్‌సీలో ఇస్తారు. ఫిబ్రవరిలో, ఆగస్టులో బడిలో ఇచ్చే నులిపురుగుల మాత్ర కూడా వేయించండి. కొంకిపురుగులు పేగుల్లో రక్తం తాగుతాయి. ఆమెకు ఇప్పుడే ఫెరిటిన్ చేయించాలని నేను అనను. నెల రోజులు బిళ్ళలు సరిగా మింగాక హిమోగ్లోబిన్ ఓ గ్రాము పెరిగితే, ఆ పెరగడమే టెస్టు. మింగినా పెరగకపోతే అప్పుడు ఫెరిటిన్, హెచ్‌బీ ఏ2 చూద్దాం.

ఇక మీ అత్తగారు. మీ ఉత్తరంలో ఆమెకు దక్కింది ఒక్క వాక్యం. నన్ను ఎక్కువ ఆలోచనలో పెట్టింది మాత్రం అదే. ‘బిళ్ళలు వాడుతూ ఉంటుంది’ అన్నారు. వాడినన్నాళ్లు పెరిగి, ఆపగానే మళ్లీ తగ్గుతోందా? అలా అయితే పందికొక్కు ఇంకా గాదె కిందే ఉంది. నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లలో, మగవాళ్లలో ఇనుము తగ్గిందంటే కడుపులోనో పేగుల్లోనో ఎక్కడో రక్తం కారుతోందేమోనని చూడాల్సిందే. పుండు కావచ్చు, మొలలు కావచ్చు, పేగు క్యాన్సరు కూడా కావచ్చు. భయపెట్టడానికి రాయడం లేదు. ఆ చివరిది తొందరగా దొరికితే నయమయ్యే జబ్బు. ఐరన్ బిళ్ళలు హిమోగ్లోబిన్ని కాస్త పైకి నెట్టి దాన్ని కప్పేస్తాయి.

ఈ వయసు ఆడవాళ్లలో నేను ఎక్కువగా చూసింది ఇంకొకటి. మోకాళ్ల నొప్పులకు మెడికల్ షాపులో రంగు చెప్పి తెచ్చుకునే బిళ్ళలు. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, ఏళ్ల తరబడి. అవి జీర్ణాశయం లోపలి పొరను ఒరిపిడి పెట్టి, నొప్పి కూడా తెలియకుండా రక్తం కార్పిస్తాయి. మలం తారులా నల్లగా, జిగటగా, దుర్వాసనతో వస్తే రక్తమేనని అనుమానించి ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ఐరన్ బిళ్ళల నలుపు అలా జిగటగా ఉండదు. కానీ ఇంట్లో కూర్చుని ఈ తేడా తేల్చుకునే పని పెట్టుకోకండి.

ఆమెకూ ఫెరిటిన్, సీఆర్‌పీ కలిపి చూడాలి. కీళ్లవాతం ఉంటే సీఆర్‌పీ ఎక్కువుంటుంది. అప్పుడు ఫెరిటిన్ 50 వచ్చినా బాగుందని తేల్చేయకూడదని పైన రాశాను కదా. షుగర్ ఉన్న మనిషైతే మరొకటి. ఇనుము లోపంలో మూడు నెలల షుగర్ టెస్టు, అదే హెచ్‌బీఏ1సీ, ఉన్నదానికంటే ఎక్కువ చూపించవచ్చు. దాన్ని చూసి షుగర్ మందు పెంచేసే ప్రమాదం ఉంది. మలంలో కంటికి కనబడని రక్తం కోసం చేసే టెస్టు చవకైనదే. కానీ అందులో ఏమీ లేదని వచ్చినా ఎండోస్కోపీ, కొలనోస్కోపీ మాట డాక్టరు గారు ఎత్తితే వద్దనకండి. నెల్లూరు పెద్దాసుపత్రిలో జనరల్ మెడిసిన్ ఓపీకి తీసుకెళ్లండి. మీ ఫెరిటిన్ ఒక నెల ఆలస్యమైనా నష్టం లేదు, ముందు ఆమెను చూపించండి.

వెళ్లేటప్పుడు ఆమె పాత రిపోర్టులు ఎన్ని దొరికితే అన్నీ పట్టుకెళ్లండి. దిండు కింద, బియ్యం డబ్బా మీద, చీర కొంగుముడిలో ఎక్కడెక్కడ దాచుకుందో వెతికి, ఆ నొప్పి బిళ్ళల ఖాళీ షీట్లు కూడా ఒక కవర్లో వేసుకుని వెళ్లండి. ఏ బిళ్ళలు వాడుతున్నావమ్మా అని అడిగితే ఆమె ‘ఏం లేవు నాయనా’ అంటుంది.